నువ్వు వద్దన్న కోటు ముక్కలు

హుసేనమ్మా,

బాగున్నావా అని రాయబోయింది చెయ్యి... పోనీలే, ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు అది.

నువ్వు పోయి ఏడాదీ నాలుగు నెలలైంది. ఆ మధ్యాహ్నం అన్నం తిని, నీ మిషన్ ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తూ పక్కకు ఒరిగిపోయావు. ఆటో ఎక్కించేలోపే అయిపోయింది. ఒక్క మాట చెప్పి పోవడానికి నీకు వ్యవధి లేకపోయింది. నాకు మాత్రం బోలెడు వ్యవధి ఉండింది. అన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి కూడా చెప్పాల్సినవి చెప్పలేదు.

ఏడాది ఫాతిహా నాడు, ప్రార్థన చదివాక, గోరీ దగ్గర నిలబడి చెబుదామనుకున్నాను. చుట్టూ మనుషులు. పైగా అప్పటికి నా దగ్గర సిగ్గుపడే సంగతి ఒక్కటే ఉంది. ఇప్పుడు గర్వంగా చెప్పుకునేది కూడా చేరింది. రెండూ కలిపి రాస్తున్నాను.

ప్రొద్దుటూరులో బట్టల బజారు సందులో మన అంగడి అట్లాగే ఉంది. వకీళ్ళు ఇంకా వస్తున్నారు. రెడీమేడ్ కోట్లు ఎన్ని వచ్చినా, భుజం దగ్గర సరిగ్గా కూర్చోవాలంటే దస్తగిరి టైలర్ దగ్గరికే పోవాలని వాళ్ళ నమ్మకం. నల్లకోటు కుట్టడంలో నాకున్న పేరు నీకు తెలుసు. నాకున్న పొగరు ఇంకా బాగా తెలుసు.

అంగడి వెనక గదిలో కిటికీ పక్కన నీ మిషన్. ఆ గదిలో కూర్చుని నువ్వు ఎన్ని కుట్టావో లెక్కే లేదు. పొయ్యి మీది గిన్నెలు దించే మసిగుడ్డలు, జొన్నరొట్టెలు ఆరిపోకుండా చుట్టిపెట్టే సంచులు, కుండ కుదురుగా నిలబడే గుడ్డ కుదుర్లు, గడప ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాలు, దిండు గలీబులు... అన్నీ ముక్కలతోనే. పరుపులు కుట్టే ఇంట్లో పుట్టిన దానివి, దూది పోగు కూడా పారేయడం నీకు తెలియదు.

నేను దాన్ని ‘ముక్కల పని’ అనేవాణ్ణి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ ముందు కూడా అనేవాణ్ణి. అని నవ్వేవాణ్ణి. నువ్వు తల ఎత్తేదానివి కాదు. వినపడక ఊరుకునేదానివా, వినపడీ ఊరుకునేదానివా?

ఒక రోజు గుర్తుందా... రేష్మ అప్పటికి ఇంకా నడవడం లేదు. నల్లకోట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ మూటకట్టి తెచ్చి నీ ముందు పెట్టాను. ఖరీదైన గుడ్డ, నిగనిగలాడుతూ ఉంది. సంతోషపడతావనుకున్నాను. నువ్వు అందులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశావు. నిప్పుతో ఆటలేందని నేను కసిరాను. నువ్వు మూట మళ్ళీ నా వైపు జరిపావు.

“ఇవి నాకొద్దు. చూసేదానికి బాగుండాయి, అంతే.”

ఆ ‘అంతే’ నాకు గుచ్చుకుంది. నా గుడ్డను వద్దంటుందా అని చాలా ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను. ఎందుకు వద్దన్నావో మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఓబులమ్మ చెయ్యి కాలి ఉండేది కాదు.

అక్కడికి వస్తాను. దానికంటే ముందు చేసిన తప్పు ఇంకొకటి ఉంది.

మీ అక్క పీరమ్మ... జమ్మలమడుగులో మగ్గాల సందులో ఒక్కతే ఉండి బొంతలు కుట్టి బతికే మనిషి. తొమ్మిదేళ్ళ కింద మన రేష్మ పెళ్ళికి చంకలో ఒక బొంత పెట్టుకుని వచ్చింది. వందల ముక్కలు అతికి కుట్టిన బొంత. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పక్కనే కూర్చున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏమన్నానో ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది.

“పెండ్లికి పాత గుడ్డలు తెచ్చినావా వదినా? మా అంగట్లో కొత్త గుడ్డకు కరువొచ్చిందనుకున్నావా?”

వదిన బొంత మడతపెట్టుకుని, అన్నం కూడా తినకుండా బస్టాండుకు పోయింది. నువ్వు వెనకాలే వీధి చివరి దాకా పోయి తిరిగొచ్చావు. మర్నాడు టీ గ్లాసు నా చేతికిస్తూ ఒక్కమాట అన్నావు.

“దాంట్లో సగం నేను కుట్టినా.”

అప్పుడైనా నేను జమ్మలమడుగు బస్సెక్కి ఉండాల్సింది కదా? ఎక్కలేదు. ఆ తర్వాత వదిన మన గడప తొక్కలేదు. నీ జనాజా లేచిన రోజు కూడా వీధిలోనే నిలబడి చూసి, అట్నుంచి అటే వెళ్ళిపోయింది. ఏడాది ఫాతిహాకు నేను ఆమెను పిలవలేదు. ఏ ముఖంతో పిలిచేది?

ఇక ఓబులమ్మ సంగతి.

నువ్వు పోయిన పదకొండో నెల చివర్లో పులివెందుల నుంచి లక్ష్మీదేవమ్మ వచ్చింది. అదే, రొట్టెల అంగడి లక్ష్మీదేవమ్మ. ఏదో నగ చేయించుకోవడానికి ప్రొద్దుటూరు వచ్చి, పని ముగించుకుని మన అంగడి ముందు ఆగింది. సంచిలోంచి నువ్వు కుట్టిన మసిగుడ్డ ఒకటి తీసి చూపించింది. నడుమ పలచబడి వెలుతురు కనపడుతోంది.

“అన్నా, అక్క కుట్టినవి ఐదేండ్లు పనిచేసినాయి. ఇంగ ఒక్కటీ మిగల్ల్యా. పెనం దించేదానికి ఆడోళ్ళు అవస్థ పడతాండారు. ఎవురన్నా కుట్టేవాళ్ళుంటే చెప్పు.”

“ఎవరో ఎందుకమ్మా? నేను ల్యా? నలభై ఏండ్లుగా మిషన్ తొక్కుతాండా.”

ఆమె నా ముఖం వంక అనుమానంగానే చూసింది. నాకది కూడా గుచ్చుకుంది. జడ్జీల ముందు నిలబడే కోట్లు కుట్టేవాడికి మసిగుడ్డ ఒక లెక్కా అనుకున్నాను.

పన్నెండు కుట్టాను. కోటు ముక్కలు ఎట్లాగూ ఉన్నాయి కదా... అవే పైనా కిందా వేసి, నడుమ స్పాంజి పెట్టాను. మిషన్ మీద అంగుళం అంగుళానికి నిలువూ అడ్డం గళ్ళు కొట్టాను. నల్లగుడ్డ మీద తెల్లదారం. టేపు పెట్టి కొలిస్తే నూలుపోగంత తేడా లేదు. అంగట్లో వరసగా పరిస్తే, కోటు కోసం వచ్చిన ఒక వకీలు తమ ఇంటికి రెండు కావాలన్నాడు.

ముద్దనూరు మీదుగా బస్సులో పోయి నా చేతులతోనే ఇచ్చి వచ్చాను. లక్ష్మీదేవమ్మ తిప్పి తిప్పి చూసింది.

“వకీలు కోట్ల మాదిరి ఉండాయన్నా. పొయ్యి కాడ పెట్టాలంటే భయమవుతాది.”

మెచ్చుకుంటోంది అనుకున్నాను.

మూడో రోజు రేష్మ ఫోన్ చేసింది. మనమ్మాయి పులివెందులలో టీచరుగా ఉండటం ఆ రోజు మంచిదైంది. “నాయనా, నువ్వు ఒకసారి రావల్ల” అంది. గొంతు మామూలుగా లేదు.

లక్ష్మీదేవమ్మ అంగట్లో ఓబులమ్మ నీకు తెలుసు, సన్నగా, పొడుగ్గా ఉండి, గంటకు ఎన్ని రొట్టెలైనా తట్టే మనిషి. ఇనప పెనం పొయ్యి మీది నుంచి దించబోయింది. నేను కుట్టిన గుడ్డ పెనం అంచుకు తగలగానే కరిగింది. అందులోని స్పాంజి కూడా కరిగింది. కరిగి అరచేతికి అంటుకుపోయింది. పెనం వదిలేస్తే పక్కనున్న మనిషి కాళ్ళ మీద పడుతుందని, పాపం, దాన్ని కింద ఆనించేదాకా వదల్లేదట. రేష్మే ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు కట్టించింది.

నేను పోయేసరికి ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి మణికట్టు దాకా తెల్లకట్టు. రొట్టెలు తట్టే చెయ్యి. నేను నిలబడే ఉన్నాను.

“కూచో అన్నా” అంది. “నీ మీద కోపమేం ల్యా. హుసేనక్క ఇంట్లోంచి వచ్చిన గుడ్డ కదా అని గట్టిగా పట్టుకుంటి. వేరేవాళ్ళదైతే ముందు కొసతో తాకి చూసుకుందును.”

విన్నావా? నీ మీది నమ్మకంతో పట్టుకుంది. కాలింది మాత్రం నా పొగరుకు.

మిగిలిన పదకొండూ వెనక్కి తెచ్చాను. పెరట్లో ఒక్కొక్కటీ నిప్పులో వేసి చూశాను. బూడిద కాలేదు హుసేనమ్మా. ముడుచుకుని, బుడగలు లేచి, నల్లటి ముద్దలై గట్టిపడ్డాయి. అప్పుడు తెలిసింది, ఆ రోజు నువ్వు అగ్గిపుల్ల ఎందుకు గీశావో. అసలు నూలేదో, నూలులా కనపడే ప్లాస్టిక్కేదో ఒక్క పోగుతో పసిగట్టావు. గుడ్డల మధ్యనే పుట్టి పెరిగానని చెప్పుకునే నేను, అంతమందిలో నీది ముక్కల పని అన్న నేను... ఆ మాత్రం కూడా తెలుసుకోలేదు.

నీ ఏడాది ఫాతిహా ఆ వారంలోనే వచ్చింది. గోరీ దగ్గర నేను తల వంచుకున్నది దుఃఖంతో అని అందరూ అనుకున్నారు.

తర్వాతి శుక్రవారం నమాజు కాగానే జమ్మలమడుగు బస్సెక్కాను.

పీరమ్మ వదిన వాకిట్లో కూర్చుని బొంత కుడుతోంది. నన్ను చూసింది. సూది ఆపలేదు. తొమ్మిదేళ్ళలో జుట్టంతా తెల్లబడింది. ముఖం అచ్చం నీ ముఖం... దవడ దగ్గర మరీనూ. నేను చెప్పులు విడిచి మెట్టు కింద నిలబడ్డాను.

“తప్పు నాది వదినా. పెండ్లినాడు నేను అట్ల అనుండకూడదు.”

“తొమ్మిదేండ్లు పట్టిందా తెలిసేదానికి?”

“పట్టింది.”

ఓబులమ్మ చెయ్యి సంగతంతా చెప్పాను. దాచకుండా చెప్పాను. వదిన అప్పుడు సూది ఆపింది.

“ఇప్పుడు ఏడ్చను వచ్చినావా, నేర్చుకోను వచ్చినావా?”

“నేర్చుకోనే.”

“అయితే లెయ్. ముందు ఉతుకు.”

ఒక మూట నా ముందు పడేసింది. పాత నూలు చీరలు, పంచెలు, ఎవరెవరో వాడి వాడి ఇచ్చినవి. అరవై మూడేళ్ళ వయసులో, నల్లకోట్ల దస్తగిరి, జమ్మలమడుగు సందులో బండ మీద పాత చీరలు ఉతికాడు. పక్కింటి ఆడవాళ్ళు గోడ మీది నుంచి చూసి నవ్వుకున్నారు. నువ్వుంటే ఏమనేదానివి?

వారానికి మూడు రోజులు, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చాను. కోట్లు ఆలస్యమయ్యాయి. వకీళ్ళు గొణిగారు. గొణగనీ అనుకున్నాను.

వదిన చెప్పే పద్ధతి నీకు తెలుసు కదా. చెప్పదు. తప్పు చేస్తే కుట్టు ఊడదీసి చేతిలో పెడుతుంది. మొదటి వారం నేను కుట్టినవన్నీ ఊడదీసింది. ఒకసారి మాత్రం అడిగితే చెప్పింది.

“మిషన్ ఎందుకొద్దు వదినా? గట్టిగా ఉంటాది కదా.”

“గట్టిగా ఉంటేనే కాల్తాది. పొరల నడుమ గాలి ఉండల్ల. నువ్వు బిగబట్టి కొడితే గాలి యాడ నిలుస్తాది? గాలి ల్యాకుంటే వేడి నేరుగా చేతికొస్తాది. ఇది కోటు కాదప్పా... మనిషి చెయ్యికి అడ్డం పడేది.”

ఎన్ని పొరలు, ఏ గుడ్డ పైన, ఏది లోపల, ఎంత వదులుగా చేతికుట్టు వేయాలి, అంచు ఎందుకు ఎర్రదారంతో కుట్టాలి... ఎర్ర అంచు నీకు అందం కోసం అనుకునేవాణ్ణి. రొట్టె తడిపే తడిగుడ్డా, పెనం పట్టే పొడిగుడ్డా తొందరలో కలిసిపోకుండా ఉండటానికట! తడిగుడ్డతో పెనం పట్టుకుంటే ఆవిరికి చెయ్యి ఉడికిపోతుందట. నీ పనిలో ఒక్క కుట్టు కూడా ఊరికే లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు పక్క గదిలో ఉండి నేను చూడలేదు.

మూడో వారంలో ఒక రోజు వదిన లోపలికి పోయి ఒక బొంత తెచ్చి నా ఒళ్ళో వేసింది. ఆ బొంతే. రేష్మ పెళ్ళిది. తొమ్మిదేళ్ళుగా పెట్టెలో ఉంచింది, ఒక్కసారీ పరచలేదు.

“దీంట్లో నాది సగం, దానిది సగం. టైలర్‌వి కదా. యాది ఎవురిదో చెప్పు.”

వాకిట్లో ఎండలో పరిచాను. మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో తడుముతూ చూశాను. మొదట అంతా ఒకేలా ఉంది. ఇద్దరూ ఒక తల్లి దగ్గర నేర్చుకున్న కుట్టు కదా... కాసేపటికి కనపడింది. ఒకటి నిటారుగా పోతోంది. ఇంకొకటి ప్రతి మూడు నాలుగు కుట్లకూ కొద్దిగా ఎడమకు ఒరుగుతోంది. పెళ్ళైన మొదటి ఏడాది నా మిషన్ మీద కుడుతూ బొటనవేలిలో సూది దింపుకున్నావు, గుర్తుందా? అప్పటి నుంచి ఆ వేలు పూర్తిగా వంగేది కాదు. నువ్వు కాజాలు కుట్టిన ప్రతి కోటులోనూ నేను ఆ ఒరుగు చూసేవాణ్ణి. చూసి విసుక్కునేవాణ్ణి.

ఈసారి విసుగు రాలేదు. దాని మీద అరచెయ్యి పెట్టుకుని ఉండిపోయాను.

“ఇది హుసేనమ్మది. ఇది నీది. ఈడ మళ్ళా హుసేనమ్మది. ఈ మూల మాత్రం ఇద్దరూ కుట్టినారు.”

వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆ మూల... రంజాన్‌కు వచ్చి, నేనొకపక్కా అదొకపక్కా కూచొని కుట్టినాం. పందెం ఏసుకొని.”

తర్వాత అంది, నువ్వు నా గురించి ఆమెతో అనేదానివట. “మా ఆయనకు చెయ్యి ఉండాది అక్కా, ఓపికే ల్యా. ఆ చెయ్యికి ఓపిక వస్తే నన్ను మించుతాడు.”

నిజంగా అన్నావా? నాతో ఎప్పుడూ అనలేదే? అంటే ఇంకా పొగరెక్కుతానని ఊరుకున్నావా?

ఆ తర్వాత నేను కుట్టినవి వదిన ఊడదీయలేదు. చేతిలోకి తీసుకుని, గోటితో గీకి, పక్కన పెట్టింది. మెచ్చుకోలు మాట ఒక్కటీ లేదు. పక్కన పెట్టడమే ఆమె మెచ్చుకోలు అని నాకు అర్థమైంది.

పన్నెండు పూర్తయ్యాయి. పులివెందుల పోయాను. వదిన కూడా వస్తానంది. బస్సులో కిటికీ పక్కన సీటు ఆమెకిచ్చాను.

అప్పటికి ఓబులమ్మ చెయ్యి మానింది. కొత్త చర్మం లేతగా, గులాబి రంగులో ఉంది. మళ్ళీ రొట్టెల దగ్గర కూర్చుంటోంది. నన్ను చూసి నవ్వింది గానీ, నా చేతిలోని మూట చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె తప్పేముంది అందులో?

“ముందు నేను పడతా” అన్నాను.

లక్ష్మీదేవమ్మ వద్దంది. వినలేదు. పొయ్యి మీద పెనం బాగా కాలి ఉంది. రెండు గుడ్డలు రెండు చేతులా తీసుకుని పెనం ఎత్తాను. కింద పెట్టలేదు. గోడ దాకా నడిచాను, మళ్ళీ పొయ్యి దాకా వచ్చాను. రొట్టెలు తట్టే ఆడవాళ్ళు చేతులాపి చూశారు. పెనం దించి, గుడ్డలు వదిలి, రెండు అరచేతులూ తిప్పి ఓబులమ్మకు చూపించాను. గోరువెచ్చగా ఉన్నాయి, అంతే.

ఓబులమ్మ లేచి వచ్చింది. గుడ్డ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. కుట్టు మీద వేలు పోనిచ్చింది.

“ఇది అక్క కుట్టింది కాదు.”

“కాదు. నేను కుట్టినా.”

“అక్క కుట్టు ఇంకా ఒదులుగా ఉంటాది.”

“నేర్చుకుంటాండా తల్లీ. పని హుసేనమ్మది. నేను నేర్చుకునేవాణ్ణి.”

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ఆ గుడ్డతోనే, ఆ లేత చేత్తోనే, పక్క పొయ్యి మీది పెనం పట్టి దించింది. కొసతో తాకి చూసుకోలేదు. నేరుగా పట్టుకుంది.

వదిన నా పక్కనే నిలబడి ఉంది. నాకు మాత్రం వినపడేలా అంది, “బాగానే కుట్టినావులే.”

ఎన్ని కోట్లు కుట్టాను హుసేనమ్మా... నా కోటు వేసుకుని కోర్టులో మాట్లాడేవాణ్ణి గుమ్మంలో నిలబడి చూసి మురిసిపోయిన రోజులున్నాయి. ఆ రోజు ఆ పొగలో నిలబడినప్పుడు కలిగినంత గర్వం ఎప్పుడూ ఎరగను. అందులో నాది కొంచెం. మిగతాదంతా నీది.

ఇప్పుడు వదిన ప్రతి శుక్రవారం ప్రొద్దుటూరు వస్తుంది. నీ గదిలో, నీ కిటికీ పక్కన కూర్చుని కుడతాం. అవి లక్ష్మీదేవమ్మ తన అంగట్లో అమ్ముతోంది కూడా. ముక్కలు నింపిన నీ మూడు సంచులు... ఇన్నాళ్ళూ అవి చిందరవందర ముక్కలనుకున్నాను. ఒకదాంట్లో మంటకు ఆగేవి, ఒకదాంట్లో నీటికి ఆగేవి, మూడోదాంట్లో దేనికీ ఆగనివి, చూసేదానికి బాగుండేవి. వాటితో దిండు గలీబులు కుట్టేదానివని వదిన చెప్పింది. నేనిచ్చిన కోటు ముక్క కూడా అందులో ఒకటి దొరికింది. మొత్తం వద్దనలేదన్నమాట నువ్వు. దాచుకున్నావా? చెప్పలేదే...

పెళ్ళి బొంత రేష్మకు చేరింది. వదినే తన చేత్తో ఇచ్చింది. పిల్ల దాన్ని మడవకుండా, అట్లాగే ఒళ్ళంతా కప్పుకుని ఏడ్చింది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళెవరైనా వెనక గది వైపు చూసి అదేమిటని అడిగితే, ఇప్పుడు పని ఆపి చెబుతాను. ఇది మా ఆడమనిషి పద్ధతి, నేనూ మా వదినా కుడతాం అని. ఒక వకీలు నవ్వాడు. నేను నవ్వలేదు. అతనే ఆగిపోయాడు.

పోయిన వారం జరిగింది చెప్పి ముగిస్తాను. ఇది చెప్పాలనే అసలు కూర్చున్నాను.

రేష్మతో కలిసి లింగాల పోయాను. తనతో పనిచేసే టీచరమ్మ ఇంట్లో భోజనానికి పిలిచారు. నేను వసారాలో కూర్చున్నాను. లోపల ఆ టీచరమ్మ అత్తగారు వంట చూస్తోంది. పెద్దావిడ, రేష్మ తండ్రినని తప్ప నేనెవరో తెలియదు, నిన్ను చూసిన మనిషి అంతకన్నా కాదు. ఉన్నట్టుండి వంటింట్లోంచి గట్టిగా కేకేసింది.

“ఏమ్మే, హుసేనమ్మ యాడుండాదో చూడు. కూర మాడిపోతాండాది.”

నేను కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడ్డాను. ఎవరిని పిలుస్తోంది? ఆ పేరుతో ఆ ఇంట్లో ఎవరున్నారు?

కోడలు గూట్లోంచి ఒక మసిగుడ్డ తీసుకుపోయి ఆమె చేతికిచ్చింది. అదీ పిలుపు.

భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగాను. “అమ్మా, ఆ గుడ్డను ఆ పేరుతో ఎందుకు పిలుస్తారు?”

“ఏమోనప్పా” అంది పెద్దావిడ. “పులివెందుల రొట్టెల అంగడి కాడ తెస్తిమి. ఆడ ఆడోళ్ళు అట్లే అంటాండ్రి, హుసేనమ్మ ఇట్లియ్యి, హుసేనమ్మ అట్ల పెట్టు అని. మేమూ అట్లే అంటాము. ఈ వీధిలో అందరూ అట్లే అంటారు.”

రేష్మ నా వైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. మంచినీళ్ళు తాగి చెప్పాను.

“అది మా ఆడమనిషి పేరమ్మా.”

పెద్దావిడ చేతిలో గరిటె ఆగిపోయింది. నన్ను చూసి, చేతిలోని గుడ్డను చూసింది.

“అట్లనా... మనిషి పేరా అది? నేను గుడ్డ పేరనుకుంటి.”

అదీ సంగతి హుసేనమ్మా. మన ఇంట్లో నిన్ను పేరు పెట్టి గౌరవంగా పిలిచిన రోజులు తక్కువ. ఇప్పుడు లింగాలలో, పులివెందులలో, నువ్వెవరో తెలియని వంటిళ్ళలో పూటకోసారి నీ పేరు వినపడుతోంది. కాలకుండా చూడమని పిలుస్తున్నారు నిన్ను.

నేనున్నంతకాలం ఆ పేరు మీద చెడ్డ గుడ్డ ఒక్కటీ బయటికి పోనివ్వను.

నీ మనిషి,
దస్తగిరి